డాట్‌కామ్ పేరు ఎవరిది? ట్రేడ్‌మార్క్ తగాదాలు తేలే తీరు

బెంగళూరులోని ఒక అగరుబత్తీల కంపెనీ 1990లలో తన సరుకుకు ‘ఈనాడు’ అని పేరు పెట్టుకుంది. కన్నడంలో ఆ మాటకు ‘ఈ నేల’ అని అర్థం, ఎవరైనా వాడుకోదగ్గ మామూలు మాట అని ఆ కంపెనీ వాదన. తెలుగునాట మాత్రం ఆ మాట వినగానే 1974 నుంచి పొద్దున్నే గుమ్మంలో పడుతున్న పేపరే గుర్తొస్తుంది. పత్రిక యాజమాన్యం కోర్టుకెక్కింది. తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2011 మార్చిలో తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పేరుతో అగరుబత్తీలు అమ్మితే జనం పొరబడతారు, కాబట్టి ఇక్కడ అమ్మకూడదు అని కోర్టు చెప్పింది.

ఈ తీర్పులో గమనించాల్సింది ‘ఇక్కడ’ అన్న మాట. కోర్టు మ్యాపు మీద ఒక గీత గీయగలిగింది. గీతకు ఇటువైపు ఆ పేరుకు ఒక విలువ, అటువైపు ఇంకొక విలువ. ట్రేడ్‌మార్క్ చట్టం మొదటినుంచీ నడిచేది ఇలాంటి గీతల మీదే. దేశానికో రిజిస్ట్రీ ఉంటుంది. సరుకులు, సేవలు కలిపి 45 తరగతులుగా విడగొట్టి, ఏ తరగతిలో పేరు ఆ తరగతిలోనే రాసుకుంటారు. ఒకే పేరుతో ఒకరు సిమెంటు, ఇంకొకరు చీరలు, మరొకరు చిట్‌ఫండ్ నడుపుకోవచ్చు. ఎవరి కొట్టు వాళ్లది.

ఇదే పని డాట్‌కామ్‌తో చేయండి చూద్దాం. పేరు ఒక్కటే, అడ్రసు ఒక్కటే, అది గుంటూరులోనూ డాలస్‌లోనూ ఒకేలా తెరుచుకుంటుంది. ఆంధ్రప్రదేశ్ వరకు నీది, అవతల వాడిది అనే వీలు లేదు. సిమెంటుకు నీది, చీరలకు వాడిది అనే వీలూ లేదు. ముందు ఎవరు డబ్బు కట్టారో వాళ్లకే ఇస్తారు, అదీ నిమిషాల్లో. అమ్మేవాడు ట్రేడ్‌మార్క్ ఉందా అని అడగడు.

గీతలు గీయడం కుదరనప్పుడు చట్టం ఇంకొక దారి పట్టింది. పేరు ఎవరిది అని తేల్చడం కన్నా, ఆ పేరును ఏ ఉద్దేశంతో కొన్నారు అన్నదాని మీదే దాదాపు మొత్తం బరువు పెట్టింది. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే డొమైన్ (వెబ్‌సైటు అడ్రసుగా కొనే పేరు) తగాదాల్లో తీర్పులు అలా ఎందుకు వచ్చాయో చాలావరకు అర్థమవుతుంది.

హైదరాబాద్ వాళ్లకు బాగా తెలిసిన పేరుతోనే మొదలుపెట్టొచ్చు. బావర్చీ. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని హోటల్ బిర్యానీకి ఎంత పేరో, మాకు వేరే బ్రాంచీలు లేవు అని వాళ్లు చెప్పుకోవడం కూడా అంతే పేరు. అయినా అదే మాట పెట్టుకున్న హోటళ్లు ఊరూరా కనిపిస్తాయి, అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువున్న నగరాల్లోనూ కనిపిస్తాయి. ఇందరుండగా బావర్చీ.కామ్ ఎవరి చేతికి వెళ్లింది? వీళ్లెవరికీ కాదు. అది వంటల సైటు. 1999లో సత్యం ఇన్ఫోవే సంస్థ ఇండియావరల్డ్‌ను 499 కోట్ల రూపాయలకు కొన్నప్పుడు సమాచార్, ఖోజ్, ఖేల్‌లతో పాటు వచ్చిన పోర్టళ్లలో ఇదీ ఒకటి. బావర్చీ అంటే వంటవాడు. వంటల సైటుకు ఆ పేరు పెట్టడంలో ఎవరి పేరునూ దొంగిలించిందేమీ లేదు. ఇలాంటి చోట ఎంత పెద్ద హోటలైనా, ఎంత పాత హోటలైనా చేయగలిగింది తక్కువ. మామూలు మాటను మామూలు అర్థంలో వాడుకున్నవాడి ఉద్దేశంలో తప్పు పట్టడానికి ఏమీ దొరకదు.

అదే సత్యం ఇన్ఫోవే ఇంకో తగాదాలో ఫిర్యాదీగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. మన దేశంలో డొమైన్ పేర్ల మీద మాట్లాడేవాళ్లు ఇప్పటికీ మొదట చెప్పే తీర్పు అదే. సంస్థ పేరులోంచి తానే కూర్చుకున్న ‘సిఫీ’ అనే మాటతో 1999లో సిఫీనెట్, సిఫీమాల్ లాంటి డొమైన్లు తీసుకుంది. కొన్నాళ్లకు ఇంకో కంపెనీ, మధ్యలో ఒక ‘ఎఫ్’ అక్షరం ఎక్కువ పెట్టి, ‘సిఫ్ఫీనెట్’ అంటూ డాట్‌కామ్, డాట్‌నెట్ రెండూ కొంది. ఎందుకీ పేరు అంటే, మా కంపెనీ పెట్టిన ఐదుగురి పేర్లలో మొదటి అక్షరాలు కలిపితే ఇలా వచ్చింది అని జవాబు. బెంగళూరు సివిల్ కోర్టు ఆ పేరు వాడొద్దంది. కర్ణాటక హైకోర్టు ఇద్దరి వ్యాపారాలూ వేరు, పొరపాటు పడేదేమీ లేదు అంది. 2004 మేలో సుప్రీంకోర్టు ఆ మాటను పక్కనపెట్టి సివిల్ కోర్టు ఉత్తర్వునే నిలబెట్టింది. ఐదుగురి పేర్ల కథను నమ్మలేదు.

ఈ ‘అక్షరాలు కలిపితే వచ్చింది’ అనే వాదన ఆ రోజుల్లో బాగా నడిచినట్టుంది. 1999లో బాంబే హైకోర్టులో రెడిఫ్ అనే వెబ్ పోర్టల్ వేసిన కేసు చూడండి. అవతలివాళ్లు ఒక్క అక్షరం మార్చి ‘రాడిఫ్.కామ్’ తీసుకున్నారు. రాడికల్ అనే మాటలో మొదటి మూడక్షరాలు, ఇన్ఫర్మేషన్, ఫ్యూచర్, ఫ్రీ అనే మాటల్లో మొదటి అక్షరాలు కలిపాం అన్నారు. అక్కడా కోర్టు నమ్మలేదు. నిజానికి ఇలా పేర్లు పుట్టడం మన దగ్గర వింతేమీ కాదు. భార్యాభర్తల పేర్లు కలిపి షాపుకు పెట్టుకునేవాళ్లు, ముగ్గురు పార్టనర్ల ఇంటిపేర్లలో ఒక్కో అక్షరం తీసుకునేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. కోర్టు అడిగేది వేరు. ఆ లెక్క పేరు పెట్టకముందే వేశారా, నోటీసు వచ్చాక వేశారా అని.

ఆ ఏడాదే, అంతకు కొంచెం ముందు, ఢిల్లీ హైకోర్టు యాహూఇండియా.కామ్ కేసు తేల్చింది. ప్రతివాదుల వాదనలు ఇవాళ చదివితే నవ్వొస్తుంది కానీ అప్పట్లో గట్టివే. యాహూ డిక్షనరీలో ఉన్న మాట, యాహూకు ఇండియాలో ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ లేదు, మా సైటులో మాకూ వాళ్లకూ సంబంధం లేదని రాసిపెట్టాం, పైగా ఇంటర్నెట్ వాడేవాళ్లు చదువుకున్నవాళ్లు కాబట్టి పొరబడరు! కోర్టు దేనికీ ఒప్పుకోలేదు. రిజిస్ట్రేషన్ లేకపోయినా ‘పాసింగ్ ఆఫ్’ ఉంటుంది అంది. అంటే, ఎదుటివాడు ఏళ్ల తరబడి సంపాదించుకున్న పేరు మీద మన సరుకు చలామణీ చేసుకోవడం. మన చట్టంలో ఇది చాలా పాత ఆయుధం. డొమైన్ పేర్ల కబ్జా కోసమే చేసిన ప్రత్యేక చట్టం మన దేశంలో అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అమెరికా 1999లోనే ఒకటి చేసుకుంది. దాని ప్రకారం ఒక్కో పేరుకు 1,000 నుంచి లక్ష డాలర్ల దాకా పరిహారం వేయొచ్చు. ఇక్కడ కోర్టులు ట్రేడ్‌మార్క్ చట్టాన్నీ పాసింగ్ ఆఫ్‌నూ లాగి సర్దుతూ వస్తున్నాయి. సుప్రీంకోర్టు 2004 తీర్పులో చెప్పింది కూడా అదే. ప్రత్యేక చట్టం లేనంత మాత్రాన రక్షణ లేదని కాదు, డొమైన్ పేరు కేవలం అడ్రసు కాదు, వ్యాపారానికి గుర్తు కూడా అని.

హైదరాబాద్ కంపెనీకి ఇది ముందే పనికొచ్చింది. డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ పేరును పోలిన డ్రెడ్డీస్‌ల్యాబ్.కామ్‌ను వేరేవాళ్లు రిజిస్టర్ చేసుకుంటే (డాక్టర్‌కు పొట్టిగా వాడే రెండక్షరాలు రెడ్డికి అతుక్కుంటే డొమైన్‌లో అలాగే కనిపిస్తుంది), 2001లో ఢిల్లీ హైకోర్టు వాళ్లను ఆపింది. రెడ్డి అనేది లక్షలమందికి ఉన్న పేరు. ఒంటరిగా ఆ మాట మీద ఎవరికీ గుత్త హక్కు ఉండదు. కానీ దాని ముందు డాక్టరు, వెనక ల్యాబు చేరాక అది ఒక్క కంపెనీనే చూపిస్తుంది. ఇంటిపేరు మాది అనే సాకు అక్కడ నిలబడదు.

కోర్టు దారి ఇది. ఖర్చుంది, కాలం ఉంది. కొన్నవాడు ఏ దేశంలో ఉన్నాడో తెలియనప్పుడు నోటీసు ఎవరికి పంపాలన్నదే పెద్ద తలనొప్పి. ఢిల్లీ కోర్టుల్లో ఎవరో తెలియని ప్రతివాదికి ‘అశోక్ కుమార్’ అని పేరు పెట్టి కేసు నడుపుతారు. ఆ పేరున్న అసలు మనుషుల సంగతి దేవుడికే ఎరుక. అందుకే 1999లో డొమైన్ వ్యవస్థను నడిపించే ఐకాన్ సంస్థ కోర్టు బయట ఒక దారి వేసింది. దాన్నే యూడీఆర్‌పీ అంటారు. ఇది చట్టం కాదు, కాంట్రాక్టు. డాట్‌కామ్ కొనేటప్పుడు చివర్లో ఒక చిన్న గడిలో టిక్కు పెట్టిస్తారు, ఎవరూ చదవరు. ఆ టిక్కుతో కొన్నవాడు రెండు సంగతులు ఒప్పుకున్నట్టే. ఈ పేరు ఎవరి హక్కులనూ దెబ్బతీయదని తనదే బాధ్యత. ఎవరైనా ట్రేడ్‌మార్క్ పేరుతో ఫిర్యాదు చేస్తే ఈ పద్ధతిలో జరిగే విచారణకు కట్టుబడతాడు. అమ్మినవాడు ఏమీ చూడకుండా నిమిషంలో పేరు ఇచ్చేయగలగడానికి కారణం ఇదే. చూసుకోవాల్సిన బరువంతా కొన్నవాడి నెత్తి మీద పెట్టేశాడు.

ఈ పద్ధతిలో నడిచిన మొదటి కేసు కుస్తీపట్ల వాళ్లది. వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ పేరు మొత్తాన్ని 1999 అక్టోబరులో ఒకాయన డాట్‌కామ్‌గా కొని, మూడు రోజులు తిరక్కుండానే వెయ్యి డాలర్లకు కావాలా అని వాళ్లనే అడిగాడు. 2000 జనవరిలో తీర్పు వచ్చింది, పేరు ఫెడరేషన్‌కు ఇచ్చేయమని. ఫిర్యాదులు ఎక్కువగా జెనీవాలోని ప్రపంచ మేధో సంపత్తి సంస్థ (వైపో) దగ్గరికి వెళ్తాయి. ఒక్క 2023లోనే అక్కడ 6,192 దాఖలయ్యాయి. ఐదు డొమైన్ల వరకు ఒక్క ప్యానెలిస్టుతో (తీర్పు చెప్పే నిపుణుడితో) విచారణకు ఫీజు 1,500 డాలర్లు. ఫిర్యాదు చేరగానే పేరును లాక్ చేస్తారు, కాబట్టి మధ్యలో ఇంకొకరికి అమ్మేసి తప్పించుకోవడం కుదరదు. జవాబుకు 20 రోజులు. మామూలుగా మొత్తం రెండు నెలల్లో తేలిపోతుంది. ఓడినవాడు పది పనిదినాల్లో కోర్టుకు వెళ్లి ఆపించుకోకపోతే పేరు చేతులు మారుతుంది. డబ్బు రూపంలో పరిహారం మాత్రం ఒక్క పైసా రాదు. వస్తే పేరు, లేకపోతే అదీ లేదు.

ఫిర్యాదీ మూడు చూపించాలి. డొమైన్ తన మార్కును పోలి ఉందని, కొన్నవాడికి ఆ పేరు మీద హక్కో న్యాయమైన ఆసక్తో లేదని, దురుద్దేశంతో కొని దురుద్దేశంతోనే వాడుతున్నాడని. మొదటిది చాలా కేసుల్లో ఇట్టే తేలిపోతుంది. రెండు పేర్లు పక్కపక్కన పెట్టి చూడటమే. అసలు పోట్లాటంతా మిగతా రెండింటి మీద. మూడోదాంట్లో ‘కొని’, ‘వాడుతూ’ అనే రెండూ కలిసి ఉండాలన్నది చిన్న మాటలా కనిపిస్తుంది కానీ దాని మీదే ఎన్నో కేసులు పోయాయి. నువ్వు పేరు కొన్నది 2008లో, అవతలి కంపెనీ పుట్టింది 2015లో అనుకోండి. కొన్ననాడు లేని కంపెనీని మోసం చేయాలని ఎలా అనుకుంటావు? ఫిర్యాదు అక్కడే పడిపోతుంది.

మన డాట్‌ఇన్ పేర్లకు ఆ పేర్ల వ్యవస్థను చూసే నిక్సీ సంస్థ నడిపే ఐఎన్‌డీఆర్‌పీ వర్తిస్తుంది. చూడటానికి యూడీఆర్‌పీకి తోబుట్టువే. ఒక్క మాట మాత్రం తేడా. అక్కడ కొనడంలోనూ వాడటంలోనూ దురుద్దేశం ఉండాలి, ఇక్కడ కొనడంలో ‘గానీ’ వాడటంలో ‘గానీ’ ఉంటే చాలు. మంచి మనసుతోనే కొని, తర్వాత ఎదుటివాడి పేరు పెరిగాక దాని మీద సొమ్ము చేసుకోవాలని చూసినా డాట్‌ఇన్ పోగొట్టుకునే ప్రమాదం ఉంది. అదే పేరు డాట్‌కామ్ అయితే బతికిపోవచ్చు. ఇంకో తేడా, ఇక్కడ తీర్పు చెప్పేది ఆర్బిట్రేటరు. 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం కిందికి వస్తుంది కాబట్టి దాన్ని కోర్టులో సవాలు చేసే దారి ఇరుకు.

కొన్నవాడి మనసులో ఏముందో బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది? చాలాసార్లు వాడే చెప్పేస్తాడు. 2024 అక్టోబరులో దేశమంతా మాట్లాడుకున్న జియోహాట్‌స్టార్.కామ్ సంగతి దీనికి మంచి ఉదాహరణ. ఢిల్లీకి చెందిన ఒక యువ డెవలపర్ ఆ పేరును ముందే కొనిపెట్టుకుని, రిలయన్స్, డిస్నీ వ్యాపారాలు కలుస్తున్న వేళ ఆ సైటులోనే ఒక బహిరంగ లేఖ పెట్టాడు. హాట్‌స్టార్‌కు ఐపీఎల్ హక్కులు పోయాక జనం తగ్గిపోతున్నారని, ఇంకో భారతీయ సంస్థతో కలపాలని చూస్తున్నారని వార్త చదివానని రాశాడు. జియో సంస్థ సావన్ అనే పాటల సైటును కొన్నాక దాని పేరు జియోసావన్ అయింది గుర్తొచ్చిందని, వెతికితే ఈ డొమైన్ ఖాళీగా కనిపించిందని, ఇది జరిగితే కేంబ్రిడ్జ్‌లో చదువుకోవాలన్న తన కల తీరుతుందని అనుకున్నానని వివరించాడు. చదువు ఖర్చు, అంటే దాదాపు కోటి రూపాయలు, రిలయన్స్ ఇవ్వాలని కోరాడు.

చాలామందికి ఆ లేఖ చదివి జాలేసింది, వెయ్యడం సహజం. ప్యానెలిస్టు కళ్లతో ఇంకోసారి చదివితే మాత్రం ప్రతి వాక్యమూ రాసినవాడికే ఎదురు తిరుగుతుంది. జియో, హాట్‌స్టార్ రెండూ ఇతరుల మార్కులని తెలుసని మొదటి ముక్కలోనే ఉంది. ఎందుకు కొన్నాడో రెండో ముక్కలో ఉంది. ఎంతకు అమ్మాలనుకుంటున్నాడో మూడో ముక్కలో ఉంది. మార్కు యజమానికే, కొన్న ఖర్చును మించిన ధరకు అమ్మడం కోసం పేరు తీసుకోవడం అనేది యూడీఆర్‌పీలో దురుద్దేశానికి ఇచ్చిన గుర్తుల్లో మొదటిది. విలీనానికి ముందే కొన్నాను కదా అనే వాదనకూ జవాబు ఉంది. కంపెనీలు కలుస్తాయన్న వార్త చూసి ముందుచూపుతో రెండు మార్కులూ అతికించి కొనేయడాన్ని ప్యానెళ్లు దురుద్దేశంగానే చూస్తూ వచ్చాయి. నిజాయితీగా రాసిన లేఖే ఆ మనిషికి అతిపెద్ద చిక్కు అయ్యేది. ఆ పేరు తర్వాత దుబాయ్‌లో ఉండే ఇద్దరు పిల్లల చేతికి వెళ్లడం, వాళ్లు కంపెనీకి ఉచితంగానే ఇచ్చేస్తామనడం, 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ మొదలవడం తెలిసినవే.

ఇలా నోరు జారకుండా ఊరికే కూర్చుంటే సరిపోతుందా అంటే, అదీ సరిపోదు. ఆస్ట్రేలియా టెలిఫోన్ కంపెనీ టెల్‌స్ట్రా 2000లో వేసిన కేసులో అవతలివాళ్లు టెల్‌స్ట్రా.ఆర్గ్ కొని ఏమీ చేయలేదు. సైటు లేదు, అమ్మకానికి పెట్టలేదు. అయినా అంత పేరున్న మార్కును వాళ్లు మంచి పనికి వాడే అవకాశం ఊహించలేం, అడ్రసు వివరాలు కూడా తప్పుడువి ఇచ్చారు, కాబట్టి ఊరికే పట్టుకుని కూర్చోవడమూ దురుద్దేశపు వాడకమే అని ప్యానెల్ తేల్చింది. ఖాళీ ప్లాటు చుట్టూ ప్రహరీ కట్టి, నేనేమీ ఇల్లు కట్టలేదుగా అంటే కుదరదన్నమాట.

పెద్ద కంపెనీ అడిగితే చాలు, పేరు ఇచ్చేయాల్సిందే అనుకోవడం కూడా పొరపాటే. అమెరికాలో ఊజీ నిస్సాన్ అనే ఆయన ఇంటిపేరే నిస్సాన్. 1994లో తన కంప్యూటర్ల వ్యాపారానికి నిస్సాన్.కామ్ తీసుకున్నాడు. 1999లో కార్ల కంపెనీ కోటి డాలర్ల దావా వేసింది. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగినా పేరు మాత్రం ఆయన దగ్గరే ఉంది, 2020లో ఆయన చనిపోయేదాకా. అయితే ఆ సైటులో కార్ల ప్రకటనలు పెట్టకూడదనే ఆంక్షలు ఎదురయ్యాయి. గీత ఎక్కడ పడిందో గమనించండి. నీ పేరు నువ్వు వాడుకో, కానీ కార్ల కోసం దారి తప్పి వచ్చినవాళ్ల మీద సంపాదించకు. గాయకుడు స్టింగ్ 2000లో తన పేరున్న డాట్‌కామ్ కోసం వైపోకు వెళ్లి ఓడిపోయాడు, ఎందుకంటే స్టింగ్ అంటే ఇంగ్లిష్‌లో ముల్లు గుచ్చడం, అది అందరి మాట. జర్మనీ ప్రసార సంస్థ డాయిష్ వెల్లె డీడబ్ల్యూ.కామ్ కోసం ఫిర్యాదు చేసి ఓడటమే కాక, నువ్వే ఎదుటివాడి పేరు లాక్కోవాలని చూశావు అనే మాట పడింది. దీనికి ‘రివర్స్ హైజాకింగ్’ అని పేరు. జరిమానా ఉండదు, కానీ తీర్పులో రాసిన ఆ మాట ఇంటర్నెట్‌లో ఎప్పటికీ ఉంటుంది. ఇవాళ డాయిష్ వెల్లె సైటు ఆ అడ్రసులోనే నడుస్తోంది.

మన దగ్గర రోజూ కనిపించే చిక్కు వేరే. నీళ్ల ఫిల్టరో, వాషింగ్ మెషీనో పాడైతే ఫోన్‌లో వెతుకుతాం. బ్రాండ్ పేరు, పక్కన సర్వీస్ సెంటర్, దాని పక్కన హైదరాబాద్ అని అతికించిన సైట్లు పది వస్తాయి. వాటిలో కంపెనీవి ఎన్నో, బయట మెకానిక్కులవి ఎన్నో చెప్పడం కష్టం. బ్రాండ్ వస్తువు బాగుచేసేవాడు ఆ బ్రాండ్ పేరు చెప్పుకోకుండా ఎలా బతుకుతాడు అన్నది న్యాయమైన ప్రశ్నే. 2001లో ఓకీడేటా ప్రింటర్ల కేసులో ఒక ప్యానెల్ దీనికి కొలత పెట్టింది. ఆ సరుకో సేవో నిజంగా అందిస్తూ ఉండాలి, ఆ పేరు చూపి వేరే బ్రాండ్లు అమ్మకూడదు, కంపెనీతో తనకున్న సంబంధం ఏమిటో సైటులో స్పష్టంగా చెప్పాలి, ఆ పేరుతో రకరకాల డొమైన్లన్నీ కొని కంపెనీకే దారి మూసేయకూడదు. కంపెనీ లోగో పైన పెట్టేసి, ‘మేము బయటి సర్వీసు’ అన్న ముక్కను అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో రాసేవాడు ఈ పరీక్షలో తప్పుతాడు.

తెలుగు పేర్లకు ఇంకో ప్రత్యేకమైన బాధ ఉంది, స్పెల్లింగు. లక్ష్మి అనే పేరును ఇంగ్లిష్‌లో ‘ఎక్స్’తో రాసేవాళ్లూ ఉన్నారు, ‘కేఎస్‌హెచ్’తో రాసేవాళ్లూ ఉన్నారు. శ్రీకి కనీసం మూడు రూపాలు. దీర్ఘానికి రెండు ‘ఏ’లు పెట్టేదెవరో, ఒకటితో సరిపెట్టేదెవరో తెలియదు. ఆపైన న్యూమరాలజీ. కలిసిరావాలని మధ్యలో ఒక అక్షరం ఎక్కువ పెట్టి బోర్డు రాయించిన షాపు ఓనరు, ఆ అక్షరంతోనే డొమైన్ కొంటాడు. కస్టమరు మామూలు స్పెల్లింగ్ కొట్టి ఇంకెక్కడికో వెళ్తాడు. ఒక్క అక్షరం తేడాతో పేరు కొనే టైపో కబ్జాదారుకు ఇంగ్లిష్ పేర్లలో కీబోర్డు తప్పుల కోసం వెతుక్కోవాలి. తెలుగు పేర్లలో ఆ పని మనమే చేసిపెట్టాం. చట్టం దృష్టిలో ఇలాంటి రూపాలన్నీ ‘పోలిన పేర్లే’, ఉచ్చారణ ఒకటైతే అక్షరాల తేడా కాపాడదు. సిఫీ, సిఫ్ఫీ కేసులో జరిగిందీ అదే. తెలుగు లిపిలోనే ‘.భారత్’ పేర్లు కూడా ఉన్నాయి. ఇంగ్లిష్ మార్కును తెలుగు అక్షరాల్లోకి మార్చి కొన్నా లిపి వేరు కదా అనే వాదన పెద్దగా పనిచేయదు. అయితే అదే స్పెల్లింగ్ గందరగోళం ఎదుటివాడికీ రక్షణ అవుతుంది. రెండు వేర్వేరు ఊళ్లలో ఇద్దరు లక్ష్మీ టెక్స్‌టైల్స్ వాళ్లు చెరో స్పెల్లింగ్‌తో డొమైన్ తీసుకుని పాతికేళ్లుగా వ్యాపారం చేసుకుంటుంటే, అందులో ఎవరి ఉద్దేశాన్ని తప్పుపడతారు?

అన్నిటికన్నా మామూలుగా జరిగే తగాదా మాత్రం బయటి కబ్జాదారుతో కాదు, మనవాళ్లతోనే. పచ్చళ్ల వ్యాపారం పెట్టిన ఒకావిడ అనుకుందాం. సైటు చేసే కుర్రాడు డొమైన్ కూడా తనే కొన్నాడు, తన మెయిల్ ఐడీతో, తన అకౌంట్లో. రెండేళ్లకు డబ్బు దగ్గర మాటా మాటా వచ్చింది. రెన్యువల్ చేయడు, పాస్‌వర్డ్ ఇవ్వడు. లేదా ఇద్దరు పార్టనర్లు విడిపోయారు, డొమైన్ ఒకరి పేరు మీద ఉండిపోయింది. ఇలాంటివి యూడీఆర్‌పీకి తీసుకెళ్తే చాలాసార్లు వెనక్కి పంపుతారు. ఇది కాంట్రాక్టు తగాదా, దీనికి సాక్షుల్ని విచారించాలి, కోర్టుకు వెళ్లండి అని. ఆ పద్ధతి కట్టిందే పచ్చి కబ్జాల కోసం, కాగితాలు చూసి తేల్చేయగల కేసుల కోసం. పది వేల కోసం మొదలైన గొడవకు సివిల్ కోర్టులో లక్షలు పెట్టడం ఎవరికీ గిట్టుబాటు కాదు. కాబట్టి చివరికి ఎవరి చేతిలో పాస్‌వర్డ్ ఉంటే వాళ్లదే పైచేయి. రిజిస్ట్రేషన్ రోజున ఓనరు పేరు దగ్గర ఎవరి పేరు పడుతోందో అరనిమిషం చూసి ఉంటే ఇంత టెన్షన్ ఉండేది కాదు.

పేరు కొనేముందు చేయాల్సిన వెతుకులాట కూడా పెద్ద పనేమీ కాదు. ఐపీ ఇండియా అనే ప్రభుత్వ సైటులో ట్రేడ్‌మార్క్ సెర్చ్ ఉచితం. అనుకున్న పేరే కాదు, అలా పలికే పేర్లు కూడా, తన వ్యాపారం వచ్చే తరగతిలో చూసుకోవాలి. దరఖాస్తు చిన్న వ్యాపారులకు ఆన్‌లైన్‌లో తరగతికి 4,500 రూపాయలు, రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లది చెన్నై ఆఫీసు చూస్తుంది. డొమైన్ కొన్న వెంటనే మార్కుకూ దరఖాస్తు పెట్టుకున్నవాడి ఫైలులో తేదీలు మాట్లాడతాయి. ఆ పేరుతో వేసిన మొదటి బిల్లు, కొట్టించిన మొదటి కరపత్రం, జీఎస్టీ కాగితం, ఇవన్నీ నోటీసు రాకముందువి అయితేనే విలువ. ఎందుకంటే కొన్నవాడు నిలబడగల చోట్లలో ముఖ్యమైనది ఇదే. ఫిర్యాదు సంగతి తెలియకముందే ఆ పేరుతో నిజమైన వ్యాపారం చేస్తున్నాను, లేదా దానికి సిద్ధమవుతున్నాను అని చూపించడం. నోటీసు వచ్చాక కంగారుగా నాలుగు పేజీల సైటు పెట్టేవాళ్లు ఉంటారు. పాత ఇంటర్నెట్ పేజీలు దాచే ఆర్కైవ్‌లు ప్యానెలిస్టులూ చూస్తారు. ఆ పని ఎంత ఆలస్యంగా జరిగిందో అందులో తేదీతో సహా కనిపిస్తుంది.

‘ఈ డొమైన్ మాది, వెంటనే ఇచ్చేయండి’ అని లాయరు మెయిలు వచ్చినప్పుడు చాలామంది చేసే పొరపాటు, ‘ఎంతిస్తారు?’ అని తిరుగు మెయిలు కొట్టడం. వాళ్లు అడిగితే ధర చెప్పడం నేరం కాదు, మామూలు మాటలకు డొమైన్ల వ్యాపారం చేసేవాళ్లు రోజూ చెబుతారు. కానీ పేరున్న మార్కు విషయంలో ఆ ఒక్క లైను ఫిర్యాదుకు జతచేసే కాగితాల్లో పైకొస్తుంది. జవాబుకు ఇచ్చిన 20 రోజులు వదిలేసేవాళ్లు ఇంకా ఎక్కువ. జవాబు లేనంత మాత్రాన ఫిర్యాదీ ఆటోమేటిక్‌గా గెలవడు, కానీ ఉద్దేశం గురించే విచారణ జరిగేచోట ఉద్దేశం చెప్పుకోవాల్సినవాడే రాకపోతే మిగిలేది ఎదుటివాడు చెప్పిన కథే.

పచ్చి మోసాలకు ఈ దారులేవీ సరిపడవు. తిరుమల దర్శనం, గదుల పేరుతో నకిలీ సైట్లు పెట్టి భక్తుల దగ్గర డబ్బు గుంజిన సంగతి టీటీడీ ఎన్నోసార్లు హెచ్చరించింది. అలాంటి చోట రెండు నెలల ప్యానెల్ విచారణ కన్నా సైబర్ క్రైమ్ పోలీసులు, 1930 నంబరు ముందు. టీటీడీ అధికారిక సైటు ‘ఏపీ.గవ్.ఇన్’ కింద ఉండటం దానికదే ఒక రక్షణ, ఆ తోకతో పేరు ప్రైవేటువాళ్లు కొనలేరు. అందుకే నకిలీవాళ్లు మొదటి సగాన్ని ఎంత అచ్చంగా దించినా ఆ తోక దగ్గర దొరికిపోతారు, చూసే అలవాటున్నవాళ్లకు.

పేరున్న కంపెనీలకు ఇప్పుడు అసలు తలనొప్పి ఒక్క కబ్జాదారు కాదు, సంఖ్య. డాట్‌షాప్, డాట్‌ఆన్‌లైన్ అంటూ వందల తోకలు వచ్చాయి. కావలసిన పేరు ఖాళీగా లేదంటే, అమ్మే సైటే దాని పక్కన ఇంకో నాలుగు రూపాలు చూపించి ఇవి ఉన్నాయి కొంటారా అని అడుగుతుంది. స్నాప్‌డీల్ కంపెనీ ఈ సంగతి మీదే గోడాడీ తదితర డొమైన్లు అమ్మే సంస్థలను (రిజిస్ట్రార్లను) ఢిల్లీ హైకోర్టుకు లాగింది. మా పేరున్న డొమైన్ ఏదీ ఇకముందు అసలు అమ్మకుండా చూడండి అని కోరింది. 2022 ఏప్రిల్ ఉత్తర్వులో కోర్టు, ఇలా ప్రత్యామ్నాయాలు చూపించి డబ్బు చేసుకునేచోట తాము కేవలం మధ్యవర్తులం అని రిజిస్ట్రార్లు తప్పించుకోలేరు అంది. కానీ ఇంకా పుట్టని పేర్లన్నిటినీ ఒక్క దెబ్బతో ఆపే ఉత్తర్వు మాత్రం ఇవ్వలేదు. ఏ పేరు తప్పో దాన్ని పట్టుకుని రమ్మంది, ఒక్కొక్కటిగా.